పడగ, పతాక, పీరు

దర్శి పేరుతో చరిత్రకారులకు పరిచితమైన పల్లవ శాసనం ఒకటి కలదు. అది ఒకే ఒక రాగిరేకు. తక్కిన రేకులు లేకపోవుటచేత దానవివరాలు దక్కలేదు. దక్కినంతలో రెండు పేర్లు విలువైనవి. శాసనం వెలువడిన చోటు దశనపురం. దాత తన ముత్తాతగా చెప్పుకొన్నవాడు వీరకోర్చవర్మ. దశనపురమంటే దర్శియేనని కొందరు పండితుల అభిప్రాయం. దశనమనగా పన్ను. ఈ వ్యాసం పాముల ప్రస్తావనతో నడుస్తుంది కనుక పాఠకుడు ఆ పన్నును కోరగా ఊహించుకొనవచ్చును గాని, ఆ రేకులో పాము లేదు.

పాము తరువాత వచ్చింది. తొమ్మిదవ శతాబ్దంలో మూడవ నందివర్మ కాలాన వెలువడిన వేలూరుపాళయం శాసనంలో ఈ పూర్వపురుషుడే వీరకూర్చుడుగా కనబడతాడు. ఆయన ఫణీంద్రుని కుమార్తెను చేపట్టినాడనీ, ఆమె చేతితోపాటే రాజచిహ్నాలన్నింటినీ అందుకొన్నాడనీ అందులో ఉన్నది. ఫణీంద్రుడనగా పడగలు గలవారికి ప్రభువు. దీనిని చదివిన చరిత్రకారులలో కొందరు, నాగవంశపు రాజుల ఇంటి పిల్లను పెండ్లాడి పల్లవులు రాజ్యానికి వచ్చినారని అర్థం చేసుకొన్నారు. అది సాధ్యమే. అయితే దర్శి రేకుకూ వేలూరుపాళయం శాసనానికీ మధ్య నాలుగైదు శతాబ్దాలు గడచినవి. దగ్గరి కాలపు రేకులో లేని పడగ దూరపు కాలపు రేకులో విచ్చుకొన్నది. వంశం పెద్దదైనకొద్దీ మూలపురుషుని తలపై నీడ అవసరమైనది కాబోలు.

పడగను పోలిన రూపాల చరిత్రను ఇక్కడినుండి ప్రారంభించుట ఉచితం. ఎందుకనగా, ఒక రూపం ఎక్కడ కనబడినా దానికి ఒకే మూలం వెదకే అలవాటు మన చరిత్ర రచనలో బలపడింది. దేవాలయపు నాగశిల, బుద్ధుని తలపై గొడుగు, మసీదు కమాను, మొహర్రంలో ఎత్తే పీరు అన్నీ ఒకే పడగనుండి పుట్టినవని ఒక వాదం వినబడుతూ ఉంటుంది. ఆ వాదాన్ని విన్న మరొక వర్గం, అట్లయిన పక్షంలో వాటిని ఇంటినుండీ ఊరినుండీ తుడిచివేయవలసినదేనని అంటుంది. మొదటివారు పోలికను వంశవృక్షంగా చదువుతున్నారు. రెండవవారు ఆ చదువును పరీక్షించకుండానే తీర్పు చెబుతున్నారు. పరీక్షించవలసిన పని మిగిలిపోయింది.

మొదట పామునే చూడవలె. నాగుపాముకు పడగ అనే అవయవం వేరుగా లేదు. మెడభాగంలోని పక్కటెముకలు తక్కినవాటికంటె పొడవుగా ఉంటవి. బెదిరినప్పుడు కండరాలు ఆ ఎముకలను ఇరుప్రక్కలకు లేపుతవి. పైనున్న వదులైన చర్మం వాటిపై డేరాగుడ్డవలె సాగుతుంది. భయం తీరగానే ఎముకలు వెనుకకు వాలి, మెడ మామూలు మెడ అవుతుంది. గుడ్డునుండి వెలువడిన పిల్లపాము కూడ ఇది చేయగలదు. మన ప్రాంతపు నాగుపాము పడగ వెనుక కళ్ళజోడువంటి గుర్తు ఉంటుంది. అనగా పడగ ఆయుధం కాదు, హెచ్చరిక. తనను పెద్దదిగా చూపించి, ఎదుటివానిని దూరంగా పొమ్మని చెప్పుట దాని పని. మిరపచేనిలో గాని, పత్తిచేనిలో గాని గట్టుమీద పడగ లేవగానే అడుగు వెనుకకు వేసిన రైతు దాని భాషను సరిగానే అనువదించినట్లు.

ఈ హెచ్చరికనే బౌద్ధశిల్పి ఆశ్రయంగా మార్చినాడు. జ్ఞానోదయానంతరం బుద్ధుడు ధ్యానంలో ఉండగా ఏడు దినాలు వాన కురిసిందనీ, ముచలిందుడనే నాగరాజు తన చుట్టలతో ఆయనను చుట్టి, పడగలతో కప్పి కాపాడినాడనీ బౌద్ధుల కథ. కృష్ణాతీరపు శిల్పులకు ఈ కథ చాల ఇష్టం. అమరావతి సున్నపురాతి పలకలపై స్తూపం బొమ్మను పెనవేసుకొని పలుతలల నాగులు పడగలెత్తి ఉంటవి. 1797లో కర్నల్ మెకంజీ మొదటిసారి చూచిన ఆ దిబ్బలోని పలకలలో నూరుకు పైగా నేడు లండను బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి. నాగార్జునకొండలోను అదే సంప్రదాయం. దర్శికి చేరువలో దొనకొండ వద్ద, గుండ్లకమ్మ ఒడ్డున, చందవరం స్తూపం కలదు. 1964లో వెలుగులోకి వచ్చిన ఆ స్థలంలో 1970లలో తవ్వకాలు జరిగినవి. శాతవాహనుల కాలంలో ఈ మెట్టప్రాంతం కృష్ణానది శిల్పకేంద్రాలకు దూరమైన మూల కాదని ఆ స్తూపం చెబుతుంది.

నాగార్జునకొండ సంగతిలో దర్శివారికి మరొక సంబంధం ఉన్నది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. అప్పటికే 1954లో మొదలైన తవ్వకాలు 1960 వరకు సాగినవి. నీట మునుగనున్న విహారాలలో కొన్నింటిని కొండపైకి తరలించినారు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలినారు. ఆ కుడికాలువ నీరే శాఖాకాలువ ద్వారా దర్శి పొలాలకు వచ్చింది. పడగలు చెక్కిన లోయను ముంచిన నీరు ఇక్కడి చేలను తడుపుతున్నది.

జైనులు పార్శ్వనాథుని తలపై పడగలు చెక్కినారు. వైష్ణవులు శేషుని పడగల నీడన విష్ణువును పరుండబెట్టినారు. కథలు వేరు, దేవతలు వేరు. ఒకే శిల్పిశ్రేణి ఒకే ఉలితో ముగ్గురికీ పని చేసి ఉండవచ్చును. ఇక్కడ రూపం ఒకటే అగుటకు చరిత్రలో ఆధారం కలదు. కాలం కలుస్తుంది, చోటు కలుస్తుంది, పేరూ కలుస్తుంది. మూడూ కలిసినప్పుడు బంధుత్వం చెప్పుటలో తప్పు లేదు.

ప్రకృతిలో ఇటువంటి మూడు కలయికలు లేకనే పోలిక మోసగించిన ఉదాహరణ ఒకటి మన ఊళ్ళ గుడి ఆవరణలలోనే ఉన్నది. నాగలింగ పుష్పమని, నాగమల్లి అని పిలిచే పూవు చెట్టు బోదెనుండే గుత్తులుగా వేలాడుతుంది. దాని కేసరాలలో ఒక భాగం పట్టీవలె సాగి, వంగి, నడుమనున్న అండకోశంపై పడగపట్టినట్లు నిలుస్తుంది. చూచినవారికి శివలింగమూ దానిపై నాగపడగా తోచుట సహజం. పూవు భక్తి పుట్టించుటలో ఆశ్చర్యం లేదు. కాని ఆ చెట్టు దక్షిణ అమెరికాది. అక్కడివారు దాని కాయలను చూచినారు. తోపుగుండ్లవలె గట్టిగా, గుండ్రంగా ఉన్నందున ఇంగ్లీషువారు దానిని ఫిరంగిగుండు చెట్టు అన్నారు. సముద్రం దాటి వచ్చిన తరువాతనే దానికి పడగ దొరికింది. చెట్టు మారలేదు, చూచే కన్ను మారింది.

పేర్లలోనూ ఇదే తమాషా. పోర్చుగీసువారు పశ్చిమతీరంలో నాగుపామును చూచి కోబ్రా ద కపెలో అన్నారు. కపెలో అనగా సన్యాసులు తలపైకి లాగుకొనే ముసుగుటోపీ. ఇంగ్లీషువారు ముసుగును వదలి కోబ్రాను మాత్రం తీసుకొన్నారు. కోబ్రా అనగా వట్టి పాము. అంటే నేడు లోకమంతా నాగుపామును పిలిచే పేరులో పడగ లేదు. పారశీకులు దానిని కఫ్చామార్ అన్నారు. కఫ్చా అనగా గరిటె. వంటింటి గరిటె చదునుగా, వెడల్పుగా ఉండుటను వారు చూచినారు. మనవారు ఫణి అన్నారు. ఒక దేశానికి టోపీ, మరొక దేశానికి గరిటె. రూపం ఒకటే. దానిని చూచి ఏది గుర్తుకు వస్తుందనేది ఆయా జనుల ఇండ్లలోని వస్తువులను బట్టి ఉంటుంది.

ముసుగుటోపీ ప్రస్తావన వచ్చినది కనుక ఒక మాట. ఇహ్రాం ధరించినవాడు ఏమి తొడగరాదని అడిగినప్పుడు దైవప్రవక్త (స) చొక్కా, తలపాగా, షరాయి, బుర్నుస్ కూడదని సెలవిచ్చినట్లు ఇబ్నె ఉమర్ (రజి) ద్వారా బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. బుర్నుస్ అనగా తలముసుగు కలిసి కుట్టిన పైవస్త్రం. దీనిని తెలుగులో టోపీ అని వ్రాసేవారున్నారు. అది చాలదు. తలపాగాను ముందే నిషేధించిన హదీసులో మళ్ళీ తలను కప్పే మరొకదాన్ని చెప్పుటలోని విశేషం పోతుంది. వానలో గొర్రెలకాపరి గొంగడి మూలను మడిచి తలకు తగిలించుకొని వీపుమీదుగా వేసుకొనే విధం తెలిసిన తెలుగు పాఠకునికి బుర్నుస్ కొత్తది కానే కాదు. కుళ్ళాయి అనే మాట సైతం పారశీకపు కులాహ్ నుండి వచ్చి, కొండవీటి శ్రీనాథుని పేరున ఉన్న చాటువులో చోటు సంపాదించినది. మాటలకు గుమ్మం అడ్డు కాలేదు.

దివ్యఖుర్ఆన్‌లో హజ్రత్ మూసా (అలైహిస్సలాం) చేతికర్ర పామైన ఘట్టం మూడు పదాలతో వర్ణింపబడినది. తాహా సూరాలో హయ్యా, అనగా పాము, పరుగెత్తే పాము. అఅరాఫ్, షుఅరా సూరాలలో సుఅబాన్, అనగా పెద్ద సర్పం. నమ్ల్, ఖసస్ సూరాలలో జాన్న్‌వలె కదలినదని, అనగా సన్నని, చురుకైన పామువలె అని. వ్యాఖ్యాతలు ఈ మూడింటినీ చక్కగా పొందించినారు. ఆకారంలో పెద్దది, కదలికలో చురుకైనది అని. ఈ మూడు పదాలలో దేనిలోనూ పడగ లేదు. అయినను తెలుగులో వ్రాసేటప్పుడు నాగుపాము పడగ విప్పిందని కలం దానంతట అదే సాగే ప్రమాదం ఉన్నది. తెలుగువాని ఊహలో భయంకరమైన పామంటే పడగ విప్పినదే గదా.

ఇక్కడ మరొక ఆకర్షణ కూడ ఉన్నది. ఫిర్‌ఔనుల కిరీటంపై నుదుటిభాగాన పడగెత్తిన పాము ప్రతిమ ఉండేది. 1922లో బయల్పడిన తూతన్‌ఖామున్ సమాధిలోని బంగారు ముసుగుపై దానిని లోకమంతా చూచింది. అది రాజాధికారానికి చిహ్నం, శత్రువుపై నిప్పు చిమ్మునని వారి నమ్మకం. అటువంటి కొలువులో ఒక కాపరి కర్ర పామై నిలిచిందన్న సంగతిలో చరిత్ర విద్యార్థికి లోతైన అర్థం గోచరించవచ్చును. నుదుట పామును ధరించినవాడు నేలమీది పామును చూచి జంకినాడు. ఈ పోలిక వ్యాసంలో వ్రాయదగినది. అనువాదంలో చేర్చదగినది కాదు. గ్రంథం మౌనం వహించిన చోట అనువాదకుడు శిల్పాన్ని తెచ్చి నిలబెట్టరాదు.

ఇటువంటిదే మరొక చిక్కు. వీపుపై రెండు చారలున్న పామును, తోక పొట్టిదైన పామును చంపుడని హదీసు కలదు. చారలకు వాడిన తుఫ్యా అనే మాటకు అసలు అర్థం ఒక జాతి తాటియాకు. అనగా ఆకుచీలికలవలె రెండు గీతలు. మన నాగుపాము పడగపై గుర్తును ఎరిగినవారు ఈ రెండు చారలను కళ్ళజోడు గుర్తుగా గ్రహించుటకు అవకాశం కలదు. అది పొరపాటు. మరొక ప్రక్క, మదీనాలో ఇండ్లలో కనబడే పాములకు ముందుగా మూడు దినాలు హెచ్చరిక ఇవ్వవలెనని ముస్లిం గ్రంథంలో అబూ సయీద్ అల్‌ఖుద్రీ (రజి) ద్వారా వచ్చిన హదీసు ఉన్నది. ఏ పాము, ఏ చోటు, ఏ సందర్భం అనేవి ధర్మశాస్త్రంలో తీర్పును మార్చే విషయాలు. పదం తప్పితే తీర్పు తప్పుతుంది. 1405లో గతించిన దమీరీ తన హయాతుల్ హయవాన్‌లో ప్రతి జంతువుకు భాషార్థం, లక్షణం, ధర్మశాస్త్ర నిర్ణయం ఒకే చోట చేర్చినందుకు ఇదే కారణమనిపిస్తుంది.

కమాను విషయానికి వస్తే, మసీదు మిహ్రాబు మొన పడగ మొనవలె ఉన్నదనే మాట చూపు వరకే నిజం. పశ్చిమ గోదావరి ప్రాంతపు గుంటుపల్లిలో క్రీస్తుపూర్వం నాటి చైత్యగృహం ముఖద్వారంపై వంపు ఉన్నది. లోపల కొండరాతిపై కఱ్ఱవాసాలను పోలిన పక్కెలు చెక్కబడినవి. అక్కడ వంపు ఏ బరువునూ మోయుట లేదు. కొండ తనంత తాను నిలిచి ఉన్నది. కఱ్ఱ ఇంటి జ్ఞాపకం మాత్రం రాతిలో నిలిచింది. కమాను రాళ్ళు ఒకదానినొకటి నొక్కుకొంటూ పైబరువును ఇరుప్రక్కల గోడలకు దింపే నిర్మాణం ఢిల్లీ సుల్తానుల కాలంలో, పదమూడవ శతాబ్దంలో, ఇక్కడ స్థిరపడింది. 1591 నాటి చార్మినార్ కమానులు ఆ విద్యకు వారసులు. అయితే అదే కుతుబ్‌షాహీలు తమ సమాధుల గుమ్మటాలను తామరరేకుల నడుమనుండి మొలిపించినారు. గుమ్మటం కట్టుబడి బయటిది, రేకులు ఇక్కడి చేతివి. ఒకే కట్టడంలో రెండు చరిత్రలుండవచ్చునని ఒప్పుకొనక, మొత్తాన్ని ఒకరి ఖాతాలో వ్రాయబూనుటవల్లనే తగవు వస్తున్నది.

పీర్ల విషయం వీటన్నింటికంటె సున్నితమైనది. పల్నాడు, ప్రకాశం జిల్లాల పల్లెలలో మొహర్రం దినాలలో లోహపు అలంలను గుడ్డలతో అలంకరించి, చావిడిలో నిలిపి, గుండం చుట్టూ తిప్పుతారు. ముస్లింలు ఒకటి రెండు ఇండ్లే ఉన్న ఊళ్ళలో సైతం హిందువులు ముందుండి నడిపే పండుగ ఇది. అలం రూపం ఆకువలె వెడల్పై మొన తేలి ఉంటుంది. కొన్నింటికి ఇరుప్రక్కల సర్పముఖాలు కూడ ఉంటవి. కొన్ని ఐదువేళ్ళ పంజా. దూరంనుండి చూచినవానికి ఐదు పడగలు తోచినా వానిని నిందించవలసిన పని లేదు. దగ్గరకు వచ్చి అడగవలె. అడిగితే అవి పంజతన్‌కు గుర్తని, అనగా ప్రవక్త (స), అలీ, ఫాతిమా, హసన్, హుసేన్ (రజి) ఐదుగురికి గుర్తని చెబుతారు. ప్రక్కనున్నవి నాగులు కావు, అజ్‌దహాలు, పారశీక చిత్రకళలోని మహాసర్పాలు. సఫవీల ఇరానులో అటువంటి తలలు గల అలంలు ఉండేవి. ఇరానుతో గోల్కొండకు రాకపోకలు, మతబంధం, పండితుల వలసలు ఎరిగినవే. 1590లలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన హైదరాబాదు బాద్‌షాహీ ఆషుర్‌ఖానా గోడలపై రంగుపలకలతో కూర్చిన పెద్ద అలంల రూపాలు నేటికీ నిలిచి ఉన్నవి. కాలం, మార్గం, పేరు మూడూ ఇరాను వైపే చూపుతున్నవి.

హైదరాబాదు నాల్ సాహెబు కథ ఇంకా విచిత్రం. ఇమామ్ హుసేన్ (రజి) శిరస్త్రాణంలోని ముక్క బీజాపురం మీదుగా గోల్కొండకు చేరినదని ఆ అలం గురించి పరంపరగా చెప్పుకొంటారు. నాల్ అనగా గుర్రపులాడం. తలను కాచిన ఇనుముకు కాలి ఇనుము పేరు వచ్చినదంటే కారణం వంపు ఒక్కటే. గుంటుపల్లి ద్వారపు వంపును కూడ కళాచరిత్రకారులు గుర్రపులాడంతోనే పోల్చుతారు. ఈ రెండింటినీ కలిపి ఎవరూ వంశవృక్షం గీయలేదు. అదృష్టమే.

పడగ వాదానికి అసలు బలం రూపంనుండి గాక ఒక మాటనుండి వచ్చినదని తోస్తుంది. తెలుగులో పడగ ఒక మాట కాదు, రెండు. ఒకటి పాముది. అది ఫణ, ఫట మొదలైన మాటల కుటుంబానిది. రెండవది జెండా. అది పతాక శబ్దానికి తద్భవం. కోటికి పడగెత్తినవాడు అన్నప్పుడు ధనవంతుని మేడపై పాము లేదు, కోటి వరహాలకు గుర్తుగా ఎత్తిన జెండా ఉన్నది. వాడుకలో జెండా అర్థం మరుగున పడి, పాము అర్థమే మిగిలింది. నేడు ఆ సామెతను పలికేవారిలో చాలమంది నిధిపై నాగుపామునే ఊహించుకొంటారు.

అలం అనే అరబీ మాటకు అర్థమేమిటి? జెండా, గుర్తు. సైన్యం ముందు నడిచే చిహ్నం. కర్బలా మైదానంలో అబ్బాస్ (రజి) చేతనున్నది అదే. ప్రాచీన తెలుగు పద్ధతిలో అలంను ఒక్క మాటలో చెప్పవలెనంటే పడగ అనుటే అక్షరాలా సరియైన అనువాదం. సరియైన ఆ అనువాదమే, మాట అర్థం జారిపోయిన తరువాత, ఇమాము జెండాను పాము పడగగా మార్చివేయగలదు. ఏ శిల్పి చేతా మారనిది నిఘంటువు చేత మారుతుంది.

పల్లెవారు ఈ ఉచ్చులో పడలేదు. వారు అలంను పడగ అనలేదు, జెండా అనీ అనలేదు. పీరు అన్నారు. పారశీకంలో పీర్ అనగా వృద్ధుడు, గురువు. వస్తువును మనిషి పేరుతో పిలిచినారు. దానిముందు మ్రొక్కులు మ్రొక్కుటను ఉలమాలు తౌహీదుకు విరుద్ధమని ఖండించినారు. ఖండించదగినదే. అయితే ఖండన జరుగుతున్న పనిమీద నిలవవలె. లేని నాగవంశాన్ని కల్పించి దానిమీద నిలిస్తే, ఎదుటివాని చరిత్ర దోషాన్ని తన వాదానికి పునాదిగా చేసుకొన్నట్లవుతుంది. సుమారు 1030లో హిందూదేశాన్ని గురించి వ్రాసిన అల్‌బెరూనీ తన గ్రంథం వాదోపవాదం కాదని, హిందువులు చెప్పినది చెప్పినట్లు ఉంచుతానని ముందే స్పష్టం చేసినాడు. పతంజలి గ్రంథాన్ని అరబీలోకి తెచ్చినవాడాయన. నాగలోకాన్ని వర్ణించినా ఆయన విశ్వాసానికి లోటు రాలేదు.

ఈ విధంగా వ్రాసినవాడు మన ప్రాంతంలోనూ ఒకడున్నాడు. ఏలూరులో పుట్టిన జాఫర్ షరీఫ్. ఆయన దక్ఖనీ ఉర్దూలో వ్రాసిన ఖానూనె ఇస్లాంను డాక్టర్ హెర్క్‌లాట్స్ ఇంగ్లీషులోకి మార్చి 1832లో లండనులో అచ్చు వేయించినాడు. దక్షిణదేశపు ముస్లింల పుట్టుక నుండి ఖననం వరకు ఆచారాలన్నీ అందులో ఉన్నవి. మొహర్రం అలంల రకాలు, వాటి పేర్లు, నాల్ సాహెబును మోసేవారి పరుగు, గుండాలు ఓపికగా వర్ణింపబడినవి. షరీఅత్‌కు విరుద్ధమైనదానిని విరుద్ధమని చెబుతూనే, చూచినదానిని దాచలేదు. ఆ పుస్తకం తెలుగు గడ్డమీద పుట్టినవాని కలంనుండి వెలువడి, ఇంగ్లీషు అనువాదంగానే లోకానికి తెలిసింది. దానిని తెలుగులోకి తెచ్చేవారు అలం అనే మాట వచ్చిన ప్రతిచోటా అలం అనియే ఉంచి, అడుగున ఒక వాక్యంలో అర్థం చెప్పుట మేలు.